మీ సంస్థ గురించి ఆన్‌లైన్‌లో ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం ఎలా: తెలుగు వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

విజయవాడలో పచ్చళ్లు తయారుచేసి అమెరికాకు కూడా పంపే ఒక దుకాణానికి ప్రచార వ్యవహారాలు చూసిన రోజుల్లో ఎదురైన సంగతితో మొదలుపెడతాను. ఆన్‌లైన్‌లో తమ పేరు ఎక్కడ వినిపించినా పట్టి చూపుతుందని చెప్పిన ఒక టూల్‌ను యజమాని ఏడాది చందా కట్టి తీసుకున్నారు. ఒక నెల నివేదికలో ప్రస్తావనలు 14, ప్రతికూలం సున్నా అని వచ్చింది. అదే నెలలో ఫోన్ ఆర్డర్లు ఎందుకు పడిపోయాయో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి డాలస్‌లో ఉండే ఒక పాత ఖాతాదారు ఫోన్ చేసి, "మీ గోంగూర సీసా కారి సూట్‌కేసంతా నూనె అయిందని ఒకావిడ వీడియో పెట్టారండీ, మా గ్రూపుల్లో అందరూ చూశారు, మీరింకా చూడలేదా?" అని అడిగితే విషయం బయటపడింది. ఆ వీడియో శీర్షికలో దుకాణం పేరు ఉంది. కాకపోతే మేము టూల్‌కు ఇచ్చిన స్పెల్లింగులో లేదు.

అప్పటి నుంచి ఈ పనికి ఎవరు సలహా అడిగినా నేను టూల్ పేరు చెప్పడానికి తొందరపడను. ఏ పేర్లు వెతకాలన్నది ముందు తేలాలి. ఎక్కడ వెతకాలి, దేనితో వెతకాలి, దొరికినదానికి ఎవరు ఎలా జవాబివ్వాలి అన్నవి ఆ వరుసలోనే తర్వాత వస్తాయి. ఈ వ్యాసం కూడా అదే వరుసలో సాగుతుంది.

మొదటి మెట్టు: పేర్ల జాబితా

ఒక కాగితం తీసుకుని, ఖాతాదారులు మీ సంస్థను ఎన్ని రకాలుగా రాయగలరో అన్నీ రాయండి. ఉదాహరణ కోసం మీ దుకాణం పేరు 'గోదావరి పచ్చళ్లు' అనుకుందాం. తెలుగు లిపిలోనే కొందరు 'పచ్చళ్లు' అని, కొందరు 'పచ్చళ్ళు' అని రాస్తారు. మన కంటికి రెండూ ఒకటే, టూల్‌కు రెండూ వేర్వేరు మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు ఇంకా ఎక్కువమంది. వారిలో ఒకరు 'చ్చ'కు ఒక సీ, ఒక హెచ్‌తో సరిపెడితే, మరొకరు రెండు సీలు వేస్తారు. 'ళ్లు' దగ్గర ఒకరు రెండు ఎల్‌లు రాస్తే, ఇంకొకరు డీ, ఎల్ కలిపి రాస్తారు. గోదావరిలోని 'దా'కు డీ ఒక్కటే వేసేవారూ, డీ పక్కన హెచ్ చేర్చేవారూ ఉన్నారు. అసలు పచ్చళ్లు అనే మాటే వదిలేసి 'గోదావరి పికిల్స్' అనేవారు సరేసరి.

ఇంగ్లీషులో తయారైన సలహాల్లో కనిపించని చిక్కు మరొకటి మన భాషలో ఉంది. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి. 'గోదావరి పచ్చళ్లు' అని కచ్చితమైన పదబంధంగా వెతికితే 'గోదావరి పచ్చళ్లలో ఉప్పెక్కువ', 'గోదావరి పచ్చళ్ల వాళ్లు ఫోన్ ఎత్తరు' అన్న వాక్యాలు తప్పించుకుపోవచ్చు. తిట్టేవారు ఎక్కువగా 'వాళ్లు' చేర్చే తిడతారు కాబట్టి ఇది చిన్న లోపం కాదు. కనుక 'పచ్చళ్ల', 'పచ్చళ్లలో', 'పచ్చళ్లకు' అనే రూపాలను కూడా జాబితాలో చేర్చాలి. పొల్లుతో ముగిసే పేర్లకు ఇంకో తంటా ఉంది. 'మార్ట్‌లో' వంటి మాటలో ట్ తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు దానిని చొప్పిస్తుంది. కొన్ని కీబోర్డులు చొప్పించవు. అందువల్ల అలాంటి పేర్లను రెండు విధాలుగానూ టైపు చేసి, రెండింటికీ ఫలితాలు వస్తున్నాయో లేదో సరిచూసుకోవాలి.

పేరుతో పాటు యజమాని పేరు, పేరుపడ్డ సరుకు పేరు, బ్రాంచి ఉన్న సెంటర్ పేరు, ప్రకటనల్లో వాడే నినాదం కూడా రాసుకోవాలి. తర్వాత వద్దనుకునే మాటల జాబితా తయారుచేయాలి. గోదావరి అనగానే వరదలు, పుష్కరాలు, గోదావరి ఎక్స్‌ప్రెస్ అన్నీ వచ్చిపడతాయి. వాటి ముందు తీసివేత గుర్తు పెట్టి వెతికితే గూగుల్ వాటిని పక్కన పెడుతుంది. లక్ష్మి, శ్రీనివాస, సాయి వంటి పేర్లు పెట్టుకున్న సంస్థలకు వద్దనుకునే మాటల జాబితాయే పెద్దదవుతుంది. అలాంటి చోట ఊరి పేరు కలిపి వెతకడం ఒక్కటే దారి.

రెండో మెట్టు: గూగుల్ అలర్ట్స్

మనం ఇచ్చిన మాట వెబ్‌లో కొత్తగా ఎక్కడైనా కనిపిస్తే కబురు పంపే ఈ సేవ 2003 నుంచి ఉచితంగా నడుస్తోంది, ఇప్పటికీ మొదటి పనికి చాలు. అలర్ట్స్ పేజీలో జాబితాలోని ఒక పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాసి, ఆప్షన్లు తెరవాలి. ఎంత తరచుగా అన్నచోట 'రోజుకోసారి' చాలు. ఏదైనా గొడవ నడుస్తున్న రోజుల్లో మాత్రం 'దొరికిన వెంటనే' అని మార్చుకోవాలి. భాష, ప్రాంతం అన్నచోట దేన్నీ ఎంచుకోకుండా అన్నింటినీ ఉంచాలి. మన సరుకు గురించి న్యూజెర్సీలో కూర్చుని రాసేవారు ఉంటారు, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే గూగుల్ దానిని ఏ భాషగా లెక్కిస్తుందో చెప్పలేం. ఎన్ని ఫలితాలు అన్నచోట 'మేలైనవి మాత్రమే' అని ఉంటుంది, దానిని 'అన్నీ' అని మార్చాలి. ఈ ఒక్క మార్పు చేయక చాలామంది అలర్ట్స్ పనికిరాదని వదిలేస్తారు.

ఇరవై పేర్లకు ఇరవై మెయిళ్లు వస్తే ఎవరూ చదవరు. అందుకని మెయిల్‌కు బదులు ఆర్ఎస్ఎస్ ఫీడ్‌ను (కొత్త ఫలితాలు తమంతట తామే వచ్చి చేరే జాబితాను) ఎంచుకుని, ఫీడ్లీ వంటి రీడర్‌లో అన్నింటినీ ఒకేచోట చేర్చుకుంటే ఉదయం కాఫీ తాగేలోపు చూడటం అయిపోతుంది. అయితే అలర్ట్స్ పట్టేది వెబ్‌సైట్లను, వార్తలను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల కోసం దాని మీద ఆధారపడకూడదు.

మూడో మెట్టు: గూగుల్ మ్యాప్స్ రివ్యూలు

కొనేవాడు నడిచివచ్చే వ్యాపారం ఏదైనా, హోటలైనా ఆసుపత్రైనా కోచింగ్ సెంటరైనా, దాని ప్రతిష్ఠలో సగానికి పైగా ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. మ్యాప్స్‌లో మీ దుకాణం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మీ సొంత మెయిల్‌తో తెరిచి ఉందో లేదో ముందు చూసుకోవాలి. వెబ్‌సైటు చేసిచ్చిన కుర్రవాడి మెయిల్‌తో ప్రొఫైల్ తెరిపించుకుని, అతను ఊరు మారాక పాస్‌వర్డ్ కోసం తిరిగిన యజమానులను చాలామందిని చూశాను. ప్రైమరీ ఓనర్‌గా యజమాని ఉండి, జవాబులు రాసే ఉద్యోగిని మేనేజర్‌గా చేర్చుకోవాలి.

రివ్యూలు చదివేటప్పుడు అనువాదాన్ని నమ్మకూడదు. ఫోన్ భాష ఇంగ్లీషులో ఉంటే తెలుగు రివ్యూను మ్యాప్స్ అనువదించి చూపుతుంది. ఆ అనువాదంలో వ్యంగ్యం ఎగిరిపోతుంది. అసలు పాఠాన్ని తెరిచి చదవాలి.

కష్టమనిపించిన రివ్యూను యజమాని తీసేయలేరు. తీసేయిస్తామని ఫోన్ చేసేవారికి డబ్బు ఇవ్వవద్దు. గూగుల్ నియమాలకు విరుద్ధమైన రివ్యూను, అంటే దుకాణానికి సంబంధం లేని మాటలు, బూతులు, పోటీదారు రాయించినవి వంటివాటిని రిపోర్టు చేయవచ్చు. ఆ ఫిర్యాదు ఏమైందో రివ్యూల నిర్వహణ పేజీలో కనిపిస్తుంది, తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే వీలూ అక్కడే ఉంటుంది. 'నచ్చలేదు' అన్న రివ్యూ నియమాలకు విరుద్ధం కాదు.

ఇంకోవైపు, 'ఐదు స్టార్లు ఇస్తే పది శాతం తగ్గింపు' అని కౌంటర్ దగ్గర బోర్డు పెట్టేవారు మన ఊళ్లలో తక్కువేం కాదు. ప్రతిఫలం ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ విధానానికి విరుద్ధం. సంతోషంగా ఉన్నవారిని మాత్రమే ఏరి రివ్యూ అడగడమూ విరుద్ధమే. ఆన్‌లైన్ రివ్యూలపై భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా తెచ్చింది. అడిగితే అందరినీ అడగండి. బిల్లు మీద క్యూఆర్ కోడ్ వేయించి, స్టార్ల ఊసెత్తకుండా 'మీ అభిప్రాయం రాయండి' అంటే సరిపోతుంది.

నాలుగో మెట్టు: సోషల్ మీడియా

ఎక్స్‌లో (ఒకప్పటి ట్విటర్‌లో) అడ్వాన్స్‌డ్ సెర్చ్ అనే ఫారం ఉంది. జాబితాలోని పేర్లను 'వీటిలో ఏదైనా ఒకటి' అన్న గడిలో, వద్దనుకునే మాటలను 'ఇవి వద్దు' అన్న గడిలో రాసి, సొంత ఖాతా పోస్టులను మినహాయించి వెతికి, ఆ పేజీని బ్రౌజర్‌లో దాచుకుంటే రోజూ ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది. భాష గడిని ఖాళీగా వదలాలి, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును ఎక్స్ తరచూ వేరే ఏదో భాషగా పొరబడుతుంది.

యూట్యూబ్‌లో పేరు వెతికి, ఫిల్టర్లలో 'ఈ వారం' ఎంచుకుని చూడాలి. ఇక్కడ అసలు మాట వీడియో లోపల ఉంటుంది. ఫుడ్ వ్లాగర్ దుకాణం ముందు నిలబడి పేరు నోటితో చెప్పి, శీర్షికలో 'విజయవాడలో ఈ షాపు అసలు బాగోలేదు' అని మాత్రమే పెడితే పేరుతో వెతికినవారికి అది దొరకదు. అందుకని పేరుతో పాటు 'ఊరి పేరు, సరుకు పేరు, రివ్యూ' అన్న కలయికతో కూడా వారానికోసారి వెతకడం అలవాటు చేసుకోవాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వ్యవహారాలకు మెటా బిజినెస్ సూట్ చాలు. కామెంట్లు, మెసేజీలు ఒకే ఇన్‌బాక్సులో కనిపిస్తాయి. ట్యాగ్ చేయకుండా రాసినవి, మూసి ఉంచిన గ్రూపుల్లో రాసినవి అందులోకి రావు. బూతు మాటలున్న కామెంట్లను దాచే ఏర్పాటు పేజీ సెట్టింగుల్లో ఉంది, తెలుగు బూతులను తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ మనమే ఎక్కించాలి. ఆ జాబితాలో 'మోసం', 'నకిలీ', 'డబ్బులు వాపసు' వంటి ఫిర్యాదు మాటలను కూడా చేర్చే తెలివి కొందరు చూపిస్తారు. దాచిన ఫిర్యాదు స్క్రీన్‌షాట్ అయి బయటికి వస్తుంది.

ఉచిత టూల్స్ మీద పూర్తిగా ఆధారపడటంలోని ప్రమాదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. ట్విటర్ పోస్టులను గమనించడానికి ఎంతోమంది పాత్రికేయులు, ప్రచార ఉద్యోగులు వాడిన ట్వీట్‌డెక్ 2023 ఆగస్టు నుంచి చందా కట్టినవారికే పరిమితమైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో బహిరంగ పోస్టులను గమనించే క్రౌడ్‌టాంగిల్‌ను వాటి యజమాని మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది. కనుక దొరికిన సమాచారాన్ని ఎప్పటికప్పుడు సొంత పట్టికలో దాచుకోవాలి.

టూల్స్‌కు కనబడని చోట్లు

తెలుగు దినపత్రికల ఈ-పేపర్లలో పేజీ బొమ్మగా కనిపిస్తుంది. జిల్లా ఎడిషన్‌లో, జోన్ పేజీలో వచ్చే చిన్న వార్త చాలాసార్లు వెబ్‌సైటులోకి ఎక్కదు. అంటే ఆహార భద్రతా అధికారులు మీ గోదాములో నమూనాలు తీసుకున్న వార్త ఊరంతా చదివినా గూగుల్ అలర్ట్స్ నోరు మెదపదు. ఉదయం ఆరింటికి మూడు పత్రికల జిల్లా పేజీలు తిరగేసే మనిషికి ప్రత్యామ్నాయం ఇప్పటికీ లేదు. 2015లో మ్యాగీ నూడుల్స్ వివాదం కూడా మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని స్థానిక హిందీ పత్రికల్లో వార్తలుగా మొదలై, జూన్ 5 నాటికి దేశమంతటా ఆహార భద్రతా సంస్థ నిషేధం దాకా వెళ్లింది. బాంబే హైకోర్టు ఆగస్టులో ఆ నిషేధాన్ని కొట్టేసినా, సరుకు మళ్లీ దుకాణాల్లోకి వచ్చేసరికి నవంబరు అయింది.

వాట్సాప్ సందేశాలను ఏ టూలూ చూసే వీలు లేదు, అవి పంపినవారికీ అందుకున్నవారికీ మధ్యే ఉంటాయి. వాట్సాప్ గ్రూపులను గమనించి పెడతామని ఎవరైనా అమ్మజూపితే ఆ సంభాషణ అక్కడితో ముగించడం మంచిది. అక్కడి మాట తెలియాలంటే మనుషులే చెప్పాలి. పాత ఖాతాదారులకు, పంపిణీదారులకు, దుకాణంలో పనిచేసేవారికి ఒక నంబరు ఇచ్చి, 'మన గురించి ఏది కనిపించినా మంచైనా చెడైనా ఇక్కడికి పంపండి' అని చెప్పి ఉంచాలి. పంపినవారికి ధన్యవాదాలు చెప్పడం మరిచిపోతే రెండోసారి పంపరు.

ఐదో మెట్టు: డబ్బు పెట్టి టూల్ కొనేముందు

రోజుకు ముప్ఫై నలభై ప్రస్తావనలు దాటేవరకు పై ఏర్పాట్లు సరిపోతాయి. అది దాటితే బ్రాండ్24, మెన్షన్, చెన్నైకి చెందిన జోహో వారి జోహో సోషల్, ముంబయికి చెందిన లోకోబజ్, కనెక్ట్ ఇన్‌సైట్స్, పెద్ద సంస్థలకైతే మెల్ట్‌వాటర్, బ్రాండ్‌వాచ్ వంటివి పరిశీలించవచ్చు. వీటి మంచిచెడ్డలు ప్రచార పత్రాలు చదివితే తెలియవు. డెమో ఇచ్చేవారి ముందు మీ జాబితా పెట్టి, మీకు ముందే తెలిసిన పది తెలుగు పోస్టులను వెతికి చూపమనండి. ఎన్ని దొరికాయో అదే ఆ టూల్‌కు మార్కులు.

తర్వాత మనోభావ విశ్లేషణను, అంటే ప్రస్తావన అనుకూలమా ప్రతికూలమా అని టూల్ తేల్చే తీరును పరీక్షించండి. తెలుగువాళ్లు మెచ్చుకునే తీరు యంత్రానికి అంత తేలిగ్గా చిక్కదు. 'టేస్టు మామూలుగా లేదు' అన్నది గొప్ప పొగడ్త, 'లేదు' చూసి యంత్రం దానిని ప్రతికూలం అనవచ్చు. 'చంపేశారు పో', 'దుమ్ము లేపారు', 'ఇరగదీశారు' అన్నవీ అంతే. 'బ్రహ్మాండంగా ఉంది, మా కుక్క కూడా ముట్టలేదు' అన్న రివ్యూను అనుకూలాల్లో చేర్చిన నివేదికను నేను స్వయంగా చూశాను. ఇలాంటి వాక్యాలు ఐదు రాసి పెట్టుకుని, డెమోలో వాటిని ఏ గంపలో వేస్తుందో చూస్తే అమ్మేవారి మాటల కంటే ఎక్కువ తెలుస్తుంది. ఎంత మంచి టూల్ అయినా ప్రతికూలం అన్నవాటినీ, తటస్థం అన్నవాటినీ మనిషి మళ్లీ చదవాలి.

ఆరో మెట్టు: నమోదు పట్టిక

గూగుల్ షీట్స్‌లో తేదీ, ఎక్కడ, లింకు, ఏమన్నారు, ఏ సరుకు గురించి, జవాబు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎలా ముగిసింది అన్న గడులు చాలు. 'ఏమన్నారు' అన్న గడిలో సారాంశం రాయకుండా వారి మాటలనే అతికించండి. రెండు నెలల పట్టిక చూస్తే ఒకే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో కనిపిస్తుంది. పచ్చళ్ల దుకాణంలో మూత కారడం గురించి వీడియోకు ముందే మూడు ఫిర్యాదులు మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఒకచోట చేర్చినవారు లేరు. ముఖ్యమైనవాటికి లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయాలి. బహిరంగంగా ఉన్న వెబ్ పేజీ అయితే వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో భద్రపరిస్తే తేదీతో కూడిన ప్రతి మిగులుతుంది.

పేరు మీద జనాసక్తి పెరిగిందో తరిగిందో తెలియడానికి గూగుల్ ట్రెండ్స్ ఉంది. అది చూపేది వెతికినవారి సంఖ్య కాదని, 0 నుంచి 100 వరకు ఉండే సాపేక్ష కొలత మాత్రమేనని గుర్తుంచుకోవాలి. చిన్న దుకాణాలకు అక్కడ గీతే రాకపోవచ్చు. సొంత వెబ్‌సైటు ఉంటే గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ మేలు. మీ పేరుతో పాటు జనం ఏ మాట చేర్చి వెతుకుతున్నారో అందులో కనిపిస్తుంది.

ఏడో మెట్టు: జవాబు

ఎవరు రాస్తారు, యజమానిని అడగకుండా ఎంతవరకు వాపసు ఇవ్వగలరు అన్నవి ముందే తేల్చి ఉంచాలి. లేకపోతే రాత్రి తొమ్మిదింటికి వచ్చిన ఫిర్యాదుకు మర్నాడు మధ్యాహ్నం దాకా జవాబు ఉండదు. 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్న వాక్యాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయండి. సీసా కారిన ఆవిడకు చివరికి మేము రాసిన జవాబు ఇది:

"నమస్కారం అండీ. సీసా కారి మీ బట్టలు పాడైనందుకు క్షమించండి. ఆ వారం పంపిన సీసాల మూతలు సరిగా బిగించలేదని మా పరిశీలనలో తేలింది, తప్పు మాదే. సీసా ధర, బట్టల ఉతుకు ఖర్చు మేము ఇస్తాం. మీ ఆర్డరు నంబరును మా వాట్సాప్‌కు పంపగలరు. ఇకపై విదేశాలకు వెళ్లే పచ్చళ్లను సీసాల్లో పంపడం మానేసి, వాక్యూమ్ ప్యాకెట్లలో పంపుతున్నాం."

ఇందులో ఏం జరిగిందో ఉంది, ఏం ఇస్తారో ఉంది, ఏం మార్చారో ఉంది. ఆమె వీడియో తీసేయలేదు. ఈ జవాబును కామెంట్లలో పైన పిన్ చేశారు, మాకు అంతకంటే కావలసింది లేదు. ఖాతాదారు ఫోన్ నంబరు, చిరునామా, బిల్లు వివరాలు బహిరంగ జవాబులో రాయకూడదు. ఆసుపత్రులైతే ఆ మనిషి తమ దగ్గర చికిత్స పొందారన్న సంగతిని కూడా ధ్రువీకరించకూడదు.

ఎనిమిదో మెట్టు: అబద్ధపు ప్రచారం జరిగితే

ముందు ఆధారాలు దాచాలి, ఆ తర్వాతే ఫిర్యాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సోషల్ మీడియా సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు. మీ పేరుతో నకిలీ పేజీ పెట్టి డబ్బు వసూలు చేస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. తప్పుడు వార్త పెద్ద ఎత్తున తిరుగుతుంటే హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి నిజనిర్ధారణ సంస్థలకు ఆధారాలు పంపవచ్చు. పరువునష్టం నోటీసు గురించి న్యాయవాదే చెప్పాలి. నా అనుభవంలో నిజమైన ఫిర్యాదు చేసినవారికి నోటీసు పంపితే ఆ నోటీసే కొత్త వీడియో అవుతుంది.

ప్రెస్ నోటు గురించి ఒక మాట

మంచి వార్త పంపేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే పంపవద్దు. విలేకరికి దానిలోంచి తెలుగు మాటలు సరిగా తీసుకోవడం తరచూ కుదరదు. యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాన్ని మెయిల్‌లోనే పెట్టి, వాట్సాప్‌లోనూ పంపాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేయించిన నోటు ఫోన్‌లో చదవడానికి రాదు. ఫొటో కింద ఎడమ నుంచి ఎవరెవరున్నారో రాయాలి. సాయంత్రం నాలుగు దాటాక పంపి జిల్లా పేజీలో మంచి చోటు ఆశించడం దురాశే.

జాబితాను మూడు నెలలకోసారి

జనం పేర్లు మారుస్తూనే ఉంటారు, కాబట్టి మొదటి మెట్టులో రాసిన జాబితాను మూడు నెలలకోసారి తిరిగి తీయాలి. కౌంటర్ దగ్గర కూర్చునేవారిని, ఫోన్ ఎత్తేవారిని, పార్సిళ్లు తీసుకెళ్లేవారిని కూర్చోబెట్టి, బయట మనల్ని ఏమంటున్నారని అడగాలి. విజయవాడ దుకాణం జాబితా మూడు పేర్లతో మొదలై ఏడాది తిరిగేసరికి 27కు చేరింది. ఆఖరున చేర్చిన పేరు కొరియర్ కుర్రవాడు చెప్పినది. దుకాణం బోర్డు మీద ఏముందో పట్టించుకోకుండా, ఆ వీధిలో అందరూ 'నూనె సీసా వాళ్లు' అంటున్నారట.